పదును లేని కత్తికీ పదునుండాలి

1066లో జరిగిన హేస్టింగ్స్ యుద్ధాన్ని ఇంగ్లండులో ఆ పోరు జరిగిన చోటనే ఇప్పటికీ నటించి చూపిస్తారు. ఇనప కవచాలు తొడుక్కొని, కత్తులు దూసి వందలమంది తలపడతారు. ఆ వీడియో చూపిస్తే, మా హోసూరు బడిలో ఏడో తరగతి పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న: "చచ్చిపోరా టీచర్?"

చావరు. ఆ కత్తులకు వాడి పెట్టరు. అంచును రెండు మిల్లీమీటర్ల మందాన వదిలేసి, మొనను గుండ్రంగా అరగదీస్తారు. దెబ్బలకు అంచు మీద గాటు పడి ఇనుము ముల్లులా లేస్తే, ఆకురాయితో సాఫు చేశాకే మళ్లీ బరిలోకి. అలాగని బొమ్మ కత్తులేం కావు. మంచివి కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి చేసినవే. మన దెహ్రాదూన్ నుంచి కూడా ఇలాంటివి విదేశాలకు వెళతాయి.

తెగని కత్తికి అంత శ్రమ దేనికి? ఇక్కడ తెలుగు మాటే మాకు కలిసొచ్చింది. పదును అంటే వాడి ఒక్కటే కాదు. వాన పడ్డాక దున్నడానికి వీలైన నేలనూ పదునుగా ఉందంటాం. కమ్మరి ఇనుమును కాల్చి, ముంచి తెచ్చే గట్టిదనమూ పదునే. ఆ పదును తప్పితే ప్రాణం మీదికొస్తుంది. మరీ గట్టిపడితే కత్తి విరిగి ముక్క ఎదుటివాడి కంట్లో పడొచ్చు. మెత్తబడితే వంగి అలాగే ఉండిపోతుంది. వంగినా తిరిగి నిటారు కావాలి. అందుకే అయస్కాంతం అంటుకోనంతగా, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేదాకా కాల్చి, నూనెలో ముంచి, ఆపై తక్కువ సెగ మీద మళ్లీ కాస్తారు.

దీన్ని కుట్టుసూదులతో చేసి చూశాం. ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే సూది తీగలా వంగింది. కాల్చి నీళ్లలో వేసినది టప్పున విరిగింది. ముక్క ఎటో ఎగిరింది, వెతికినా దొరకలేదు. ఆ రోజు పిల్లల కళ్లకు అద్దాలు పెట్టించలేదు. తప్పు మాదే. తర్వాతి వారం అద్దాలు పెట్టించాం. నీళ్లలో ముంచిన సూదిని తోమి, పట్టకారుతో పట్టుకొని, నీలం రంగు వచ్చేదాకా సన్నని సెగ చూపాం. వంచితే వంగింది, వదలగానే లేచి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఉక్కు మాట అక్కడితో ఆగలేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కును ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. ఆ పేరు ఉక్కు నుంచే వచ్చిందంటారు. ఇది చెప్పగానే ఒక పిల్ల "తమిళంలో ఉరుక్కు టీచర్" అంది. వెనక బెంచీ నుంచి ఇంకొకడు "కన్నడంలోనూ ఉక్కే" అన్నాడు. బోర్డు మీద మూడు లిపుల్లోనూ వాళ్లచేతే రాయించాం.