టెక్సస్ మంచు తుఫాను (2021)

టెక్సస్ మంచు తుఫాను 2021 ఫిబ్రవరి నెలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సస్ రాష్ట్రంలో సంభవించిన ప్రకృతి విపత్తు. వెదర్ ఛానెల్ అనే వాతావరణ ప్రసార సంస్థ దీనికి యూరి అని పేరు పెట్టినది. ఫిబ్రవరి 13 నుండి 17 వరకు ఈ తుఫాను తీవ్రంగా ఉన్నది. 45 లక్షలకు పైగా గృహాలు, వ్యాపార సంస్థలు విద్యుత్తు లేక చీకటిలో మునిగిపోయాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది మరణించారు. వీరిలో 161 మంది మరణానికి కారణం తీవ్రమైన చలి. ఈ మరణాలలో అనేకం ఇంటి గోడల మధ్యనే జరగడం ఈ విపత్తు ప్రత్యేకత.

వాతావరణం

ఉత్తర ధ్రువం చుట్టూ తిరిగే అతిశీతల వాయువలయం బలహీనపడినపుడు, అక్కడి చల్లని గాలి దక్షిణ దిశగా చొచ్చుకువస్తుంది. 2021లో జరిగినది ఇదే. టెక్సస్‌లో మొత్తం 254 కౌంటీలు ఉండగా, అన్నింటికీ ఒకేసారి మంచు తుఫాను హెచ్చరిక జారీ చేయబడినది. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం వద్ద ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినది. 1949 తరువాత అక్కడ ఇంత చలి నమోదు కాలేదు.

విద్యుత్తు సంక్షోభం

టెక్సస్ విద్యుత్ గ్రిడ్‌లో అధిక భాగం దేశంలోని మిగిలిన గ్రిడ్లతో నామమాత్రపు సంబంధం మాత్రమే కలిగి ఉన్నది. అందువలన ఇరుగుపొరుగు రాష్ట్రాల నుండి తగినంత విద్యుత్తు తెచ్చుకునే అవకాశం లేకపోయినది. ఒకవైపు చలి వలన వాడకం పెరిగినది. మరొకవైపు సహజవాయు బావులు, గొట్టాలు, ఉత్పత్తి కేంద్రాలలోని పరికరాలు, కొన్ని గాలిమరలు గడ్డకట్టి ఉత్పత్తి పడిపోయినది.

అమెరికాలో గ్రిడ్ పౌనఃపున్యం 60 హెర్ట్జ్ ఉండాలి. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున అది 59.4 కంటే దిగువకు జారినది. మరో 4 నిమిషాల 37 సెకన్లు అదే స్థితి కొనసాగితే గ్రిడ్ మొత్తం కుప్పకూలి, రాష్ట్రం వారాల తరబడి చీకటిలో ఉండేదని అధికారులు తరువాత తెలిపారు. దానిని నివారించుటకు విద్యుత్ కోతలు విధించారు. ఈ కోతలను ప్రాంతాలవారీగా వంతులు మార్చాలని తొలుత భావించారు. అయితే కొరత మరీ ఎక్కువ కావడము, ఆసుపత్రులున్న లైన్లను ఆపరాకపోవడము వలన వంతులు మార్చడం సాధ్యపడలేదు. ఫలితంగా ఒక వీధిలో దీపాలు వెలుగుతుండగా, పక్క వీధిలో రోజుల తరబడి చీకటి అలముకొన్నది.

ఇళ్ళలో చలి

టెక్సస్‌లో సగానికి పైగా ఇళ్ళను విద్యుత్తుతోనే వెచ్చబరుస్తారు. వాయువుతో పనిచేసే కొలిమికి కూడా వేడిగాలిని గదులకు పంపే పంఖా తిరగాలంటే విద్యుత్తు కావాలి. పైగా అక్కడి ఇళ్ళు ప్రధానంగా వేసవిని దృష్టిలో ఉంచుకొని కట్టినవి. అందువలన విద్యుత్తు పోయిన కొన్ని గంటలలోనే గదులు చల్లబడిపోయాయి.

దేహ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గడాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, తరువాత మాట తడబడటం, మగత, అయోమయం కలుగుతాయి. చలి ఉండగానే వణుకు ఆగిపోవడం కోలుకున్నట్లు కాదు, అది ప్రమాద సూచన. వృద్ధులు, పసిపిల్లలు దీనికి త్వరగా లోనవుతారు.

కుటుంబాలు ఎదుర్కొన్న తీరు

అనేక కుటుంబాలు ఇల్లంతా వదలి ఒకే చిన్న గదిలోకి చేరాయి. విశ్రాంతిగా కూర్చున్న వయోజనుని శరీరం సుమారు 100 వాట్ల ఉష్ణాన్ని వెలువరిస్తుంది. అంటే నలుగురు పెద్దవారు కలిసి 400 వాట్ల హీటరుతో సమానం. విశాలమైన ఇంటిలో ఈ వేడి చెదరిపోతుంది, మూసిన చిన్న గదిలో కొంతసేపు నిలుస్తుంది. కిటికీలకు దుప్పట్లు కట్టడం, తలుపుల క్రింది సందులలో తువాళ్ళు కుక్కడం, ఒకే మందపాటి దుస్తుకు బదులు పలుచని దుస్తులు పొరలుగా ధరించడం, పిల్లలను మధ్యన పడుకోబెట్టుకోవడం వంటి పద్ధతులు ఇందుకు తోడ్పడతాయి. పొరల మధ్య చిక్కుకొన్న గాలి వేడిని బయటకు పోనీయదు.

కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం

వెచ్చదనం కోసం కొందరు ఇంటిలోపల బొగ్గుల పొయ్యి వెలిగించారు. మరికొందరు మూసిన గ్యారేజీలో కారును నడుస్తూ ఉంచారు. ఇలా వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వలన 19 మంది మరణించారు. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. తెలుగునాట చలికాలంలో మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించడం ప్రాణాంతకం కావడానికి కారణం కూడా ఇదే.

నీటి కొరత

నీరు గడ్డకట్టినపుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. బయటి గోడలలోను, పైకప్పు క్రిందను ఉన్న గొట్టాలు ఈ ఒత్తిడికి పగిలి, మంచు కరిగిన తరువాత ఇళ్ళలోకి నీరు చేరినది. కుళాయిని సన్నని ధారగా వదిలితే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. గొట్టం పగిలినపుడు ప్రధాన కవాటాన్ని మూసివేయడమే మార్గం. దాని చోటు ఇంటివారికి ముందే తెలిసి ఉండాలి. నీటి శుద్ధి కేంద్రాలకు కూడా విద్యుత్తు లేకపోవడంతో సుమారు 1.4 కోట్ల మందికి నీటిని కాచి త్రాగవలసినదిగా సూచించారు. పొయ్యి వెలగని ఇళ్ళలో ఆ సూచనను పాటించే వీలు లేకపోయినది. మరుగుదొడ్ల కొరకు చాలామంది మంచును బకెట్లలో కరిగించుకొన్నారు.

తెలుగువారు

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. గడ్డకట్టే చలిని ఎరుగని ప్రాంతాల నుండి వెళ్ళినవారికి గొట్టాల రక్షణ వంటి విషయాలు కొత్తవి. అయితే తరతరాలుగా టెక్సస్‌లో ఉన్నవారిలో కూడా చాలామందికి అంతటి చలి కొత్తదే.

అనంతర పరిణామాలు

2011 ఫిబ్రవరిలో కూడా టెక్సస్‌లో చలి వలన విద్యుత్ కోతలు జరిగాయి. ఉత్పత్తి కేంద్రాలను చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని అప్పుడే సిఫారసు చేశారు. కాని అది తప్పనిసరి కాలేదు. 2021 జూన్ 8న గవర్నరు సంతకం చేసిన చట్టం దానిని తప్పనిసరి చేసినది.