చూలాలికి గాలిబంతి: రైతు కుటుంబములు తెలిసికొనదగిన సంగతి

పైరుపచ్చలను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయు ఈ పత్రికలో కాన్పు మాట యేమని సభ్యులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. కాని సేద్యమునకు మొదటి పెట్టుబడి మనుష్యుని యారోగ్యము. ఆమదాలవలస చుట్టుపట్ల నాగావళి నీటితో పండు గ్రామములలో వరి ఉభాలు గాని, కలుపుతీత గాని, గోగునార పని గాని స్త్రీలు చేయి వేయనిదే సాగదు. ఆ స్త్రీ గర్భవతియైనప్పుడు ఆమె యెట్లు మెలగవలెనో నిర్ణయించువారు పెక్కిండ్లలో అత్తగారును, ఇంటి యజమానియును. కావున ఈ సంగతి రైతులు చదువు పత్రికలోనే యుండుట యుక్తమని తలచి వ్రాయుచున్నాము.

పట్టణములలో వ్యాయామశాలల యందు పిల్లల బంతికంటె మిక్కిలి పెద్దదైన గాలిబంతిని మనవారు చూచియే యుందురు. 1963 ప్రాంతమున ఇటలీ దేశమునందు ప్లాస్టిక్ వస్తువులు చేయు అక్విలీనో కొసానీ అనునతడు దీనిని తయారుచేసెను. స్విట్జర్లాండులో పనిచేయుచుండిన మేరీ క్వింటన్ అను ఆంగ్ల వైద్యసహాయకురాలు దీనిని శిశువుల చికిత్సకును, బాసెల్ నగరపు సుజాన్ క్లైన్‌ఫోగెల్‌బాఖ్ అనునామె పెద్దల నడుము నొప్పులకును ఉపయోగించిరి. అందువలననే దీనికి స్విస్ బంతి యను పేరు వచ్చినది. తరువాత కాన్పు గదులలోనికిని ఇది ప్రవేశించినది.

ఈ బంతిలో మందు లేదు, మంత్రము లేదు. ఇది మెత్తగా కదలు నొక ఆసనము మాత్రమే. దీని గుణమంతయు, కూర్చున్న స్త్రీ నిటారుగా నుండుటయందును, ఆమె నడుము కట్టుపడక కదలుచుండుటయందును ఉన్నది. నెలలు నిండిన స్త్రీ వెల్లకిల పండుకొనినచో, గర్భము బరువు వెన్నెముక ప్రక్కనుండు పెద్ద రక్తనాళములపై పడి, తల్లికి కన్నులు తిరుగుటయు, శిశువునకు రక్తము తగ్గుటయు సంభవించును. నిటారుగా నున్నప్పుడు శిశువు బరువు క్రిందికి దిగి, తల గర్భాశయ ముఖమును నొక్కి, అది తెరచుకొనుటకు సాయపడును. నడుమును ఇటునటు త్రిప్పుటచే కటియెముకల నడుమ శిశువు తల త్రోవ చూచుకొనుటకు వీలు కలుగును. బిగిసిన గడియలో తాళపుచెవిని కొంచెము కదలించి త్రిప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఇది పూర్తిగా క్రొత్త సంగతియు కాదు. బైబిలులోని నిర్గమకాండమున మంత్రసానుల ముచ్చటలో కాన్పుపీటల ప్రస్తావన కలదు. నొప్పులు పడు స్త్రీ కూర్చుండుటయు, నడచుటయు, మోకాళ్లపై నుండి దేనినైనను పట్టుకొని వ్రాలుటయు పెక్కు దేశముల పాత యలవాట్లు. మంచముపై వెల్లకిల పరుండబెట్టుట తరువాత వచ్చిన పద్ధతి. పోలిక మొరటైనను రైతులకు సులువుగా బోధపడునని చెప్పుచున్నాము: ఈనబోవు ఆవు లేచుచు, పండుకొనుచు, తిరుగుచు నుండును. దానిని పొట్టిపలుపున కట్టివేయరాదని ఏ రైతునకును చెప్పనక్కరలేదు. గొడ్డునకిచ్చు ఈ స్వేచ్ఛను మన ఇంటి ఆడుబిడ్డలకు ఈయకుండుట న్యాయమా?

మేము పైరులు చూపుటకు పోయిన యొక గ్రామములో, తెల్లవారుజామున నొప్పులు మొదలైన కోడలిని, వాహనము వచ్చువరకును కదలనీయక మంచముననే ఉంచిరి. కదలినచో బిడ్డకు కీడని పెద్దల భయము. వారి ప్రేమలో లోపమేమియు లేదు, తెలియకపోవుటయే లోపము. ఆ భయము పోవలెననియే ఈ వ్రాత.

పరీక్షల ఫలితములేమి? 2013లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, 25 పరీక్షలలోని 5,218 మంది స్త్రీల వివరములను పోల్చి చూచెను. కాన్పు తొలిదశలో నిటారుగా నుండి, నడచుచు నుండిన వారికి, పడకపై నున్నవారికంటె ఆ దశ సుమారు 1 గంట 22 నిమిషములు తగ్గినది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యిచ్చిన 56 సిఫారసులలో, ప్రమాద లక్షణములు లేని స్త్రీని కదలుచు నిటారుగా నుండుటకు ప్రోత్సహింపవలెననునది యొకటి. ఇక బంతిని గూర్చి ప్రత్యేకముగా జరిగిన పరీక్షలలో, నొప్పి బాధ కొంత తగ్గినట్లు కానవచ్చినది. బంతిపై కూర్చున్నంత మాత్రమున ఆపరేషను తప్పునని మాత్రము ఎవరును నమ్మరాదు. అట్లు చెప్పి అమ్మువారి మాట వినరాదు.

బంతిని వాడదలచినవారు గమనింపవలసినవి యివి. మొదట డాక్టరునో, నర్సునో అడుగవలెను. రక్తస్రావము గలవారు, మాయ క్రిందుగా నున్నదని చెప్పబడినవారు, నెలలు నిండకమున్నే నొప్పులు వచ్చినవారు, రక్తపు పోటు హెచ్చినవారు, కవల పిల్లలు గలవారు డాక్టరు అనుమతి లేక దీనిని ముట్టరాదు. బంతి కొలత ముఖ్యము. అయిదడుగుల మూడంగుళముల లోపు ఎత్తు గలవారికి 55 సెంటీమీటర్లదియు, అంతకు మించినవారికి 65 సెంటీమీటర్లదియు సాధారణముగా సరిపోవును. కూర్చున్నప్పుడు పాదములు రెండును నేలనానవలెను. తుంటి మోకాళ్లకు సమముగానో, కొంచెము ఎత్తుగానో ఉండవలెను. త్వరగా పగులని రకమును, మోయగల బరువు ముద్రింపబడినదానిని కొనవలెను. ముల్లుగాని, పెంకుగాని లేకుండ ఊడ్చిన నేలపై చాప పరచి, బంతి జారకుండ గోడ ప్రక్కన ఉంచవలెను. వట్టి పాదములతో కూర్చుండవలెను. ప్రక్కన నొకరు చేయందించుటకు సిద్ధముగా నుండక గర్భిణి ఎన్నడును ఒంటరిగా ఎక్కరాదు.

గర్భముతో నున్న దినములలో కొద్ది నిమిషములు కూర్చుండి నడుమును మెల్లగా ముందు వెనుకలకును, ప్రక్కలకును ఊపుట చాలును. ఉభాలలో వంగి వంగి నొచ్చిన నడుమునకు ఇది హాయి నిచ్చును. అట్లని బంతి యున్నదిగదాయని నిండు చూలాలిని మడిలో దింపరాదు. విశ్రాంతికి బదులుగా నిలువగల వస్తువు లేదు. నొప్పులు మొదలైన పిదప బంతిపై కూర్చుండి మెల్లగా ఊగవచ్చును. లేక మోకాళ్లపై నుండి బంతిమీదికి వ్రాలవచ్చును. అప్పుడు తోడున్నవారు నడుము రాచినచో బాధ కొంత ఉపశమించును. నొప్పి తెలియకుండ వెన్నులో మందిచ్చి కాళ్లు మొద్దుబారినవారు గుండ్రని బంతిపై కూర్చుండరాదు. అట్టివారు ప్రక్కకు ఒత్తిగిలి పండుకొనినప్పుడు మోకాళ్ల నడుమ నుంచుటకు వేరుసెనగకాయ ఆకారము గల బంతి వేరుగా కలదు.

ఇంటి యొద్ద బంతి యున్నదని ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయుట మహాపరాధము. నొప్పులు క్రమముగా వచ్చుచున్నను, ఉమ్మనీరు పోయినను, రక్తము కనబడినను, బిడ్డ కదలిక తగ్గినను వెంటనే 108 వాహనమును పిలువవలెను. పోవు ఆసుపత్రిలో బంతి యున్నదో లేదో, తోడుగా నొక స్త్రీని ఉండనిత్తురో లేదో నెలలు నిండకమున్నే విచారించుకొనవలెను. ప్రభుత్వాసుపత్రులలో కాన్పు సమయమున గర్భిణికి తోడుగా నొక బంధుస్త్రీ యుండుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే అనుమతి నిచ్చినది. ఈ మాట తెలియక వెలుపలనే నిలిచిపోవు తల్లులు, అత్తలు ఎందరో కలరు.

మన తెలుగు గడ్డమీదనే ఈ పద్ధతికి తార్కాణము కలదు. హైదరాబాదులో 1948లో స్థాపింపబడిన ఫెర్నాండెజ్ ఆసుపత్రివారు, స్త్రీని కదలనిచ్చి, శిక్షణ పొందిన మంత్రసాని నర్సు ఆమెను వెన్నంటి యుండు విధానమును చాలకాలముగా నేర్పుచున్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వము వారితో కలిసి ప్రభుత్వ నర్సులకు ఇట్టి శిక్షణ నారంభించెను. కరీంనగరము ప్రభుత్వాసుపత్రి దీనికి పేరు పొందినది. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఈ సేవలను గూర్చి మార్గదర్శకములు ప్రకటించెను.

బంతి దొరకని యింట విచారింపనక్కరలేదు. గోడకు చేతులాన్చి నిలువబడుటయు, ఎత్తు పీటపై ముందునకు వ్రాలి కూర్చుండుటయు, ఒకరి భుజము పట్టుకొని వాకిట మెల్లగా నడచుటయు ఆ ఫలమునే చాలవరకు ఇచ్చును. అయినను సంఘములవారికి మా మనవి యొకటి. పురుగుమందు చల్లు యంత్రమును పొత్తుగా కొని సభ్యులు వంతులవారీగా వాడుకొనునట్లే, రెండు కొలతల బంతులును, సైకిలు పంపొకటియు కొని సంఘ కార్యాలయమున ఉంచవచ్చును. తిరిగి వచ్చిన ప్రతిసారియు సబ్బునీటితో తుడిచి, గాలి పరీక్షించి, గ్రామపు ఆశా కార్యకర్త సలహాతో మరొక యింటికి ఈయవచ్చును. ఒక్కరికి భారమైనది పదిమందికి తేలిక యగుటయే గదా సహకారమనగా. ఈ యేటి ఉభాలు మొదలుకాకమున్నే సభ్యులు ఈ విషయమును సంఘ సమావేశమున చర్చింతురుగాక.