ముందు చేరిపో, తర్వాత మారొచ్చు

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు వచ్చాయంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "వచ్చిన కాలేజీలో చేర్పించేసి, ఏడాది తర్వాత ఐఐటీకో ఎన్ఐటీకో ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే పోదా? లాంగ్ టర్మ్ అంటే ఏడాది దండగ కదండీ?" అడిగేది తల్లిదండ్రులు. ఆ మాట వాళ్ల చెవిలో వేసింది చాలాసార్లు ఫ్రీమాంట్‌లో ఉండే మేనమామ.

మేనమామ అబద్ధం చెప్పట్లేదు. కాలిఫోర్నియాలో అది రాజమార్గమే. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, గ్రేడ్లు తెచ్చుకుని, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో మూడో ఏడాదిలోకి వెళ్లేవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. డేవిస్, ఇర్వైన్, శాంటా బార్బరా వంటి ఆరు క్యాంపస్‌లైతే ఫలానా కోర్సుల్లో ఫలానా గ్రేడ్లుంటే సీటు ఖాయమని ముందే హామీ ఇస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్ ఆ హామీ ఇవ్వవు గానీ తలుపు మాత్రం తెరిచే ఉంచుతాయి.

అక్కడి చదువు టీటీఈ ఉన్న రైలు. జనరల్ టికెట్టుతో ఎక్కినా, మధ్యలో బెర్తు ఖాళీ అయితే చార్టు చూసి మీకు ఇచ్చే మనిషి ఒకడున్నాడు. మన ఐఐటీ రైల్లో ఆ టీటీఈయే లేడు. చార్టు ఒక్కసారే, బయల్దేరే స్టేషన్లోనే వేస్తారు. దాని పేరు జోసా కౌన్సెలింగ్. మొదటి సెమిస్టర్లో ఎవరో దిగిపోయారనుకోండి, ఆ బెర్తు కాజీపేట దాటినా, బల్లార్షా దాటినా, ఢిల్లీ చేరినా ఖాళీగానే వెళ్తుంది. పక్క రైల్లో పది సీజీపీఏతో నిలబడి ఉన్నా పిలవరు. "అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది కదా" అంటారు కొందరు. 2021లో వచ్చింది, నిజమే. అది లగేజీ రసీదు, టికెట్టు కాదు. మీ సామాను ఇదీ అని చెబుతుంది తప్ప రైలెక్కించదు.

ఒకే యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల మధ్య రెండో ఏడాదిలో మారే పద్ధతి మన రాష్ట్రాల్లో ఉంది. రెండు కాలేజీల ఎన్ఓసీలు, అవతల ఖాళీ సీటు, పైవాళ్ల అనుమతి, ఇవన్నీ కావాలి. అది ఊరు మారడానికి పనికొస్తుంది. కలల కాలేజీకి దారి కాదు.

కాబట్టి మనకు మిగిలేది మళ్లీ పరీక్ష రాయడమే. ఇక్కడ అందరూ తప్పులో కాలేసే సంగతొకటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయాలి. లెక్క మీరు సిద్ధమైన రోజు నుంచి కాదు, ఇంటర్ రెండో ఏడాది పరీక్ష మొదటిసారి రాసిన సంవత్సరం నుంచి. 2025 మార్చిలో రాసినవాడికి 2025, 2026 అంతే. "ఈ ఏడాది అడ్వాన్స్‌డ్ రాయలేదు కాబట్టి ఆ ఛాన్సు దాచుకున్నట్టే" అనుకుంటారు. దాచుకోవడం లేదు, పోయినట్టే. ఇంటర్ తప్పి మళ్లీ రాసినా, ఇంప్రూవ్‌మెంట్ కట్టినా గడియారం వెనక్కి తిరగదు. ఈ నిబంధన ఎంత మొండిదో 2024లో చూశాం. నవంబర్ 5న మూడుసార్లు రాయొచ్చని ప్రకటించి, రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ రెండుకే దించేశారు. ఆ నడిమి రోజుల్లో ప్రకటనను నమ్మి కాలేజీ మానేసిన పిల్లలు సుప్రీంకోర్టు దాకా వెళ్తేగానీ 2025 జనవరిలో ఊరట దొరకలేదు.

లక్ష్యం ఎన్ఐటీ అయితే గొడవ తక్కువ. జేఈఈ మెయిన్ మూడేళ్లు, ఏడాదికి రెండు విడతలు. నీట్‌కు అసలు లెక్కే లేదు. గరిష్ఠ వయసు పరిమితి కూడా 2022లో ఎత్తేశారు. అందుకే మెడిసిన్ ఇళ్లలో లాంగ్ టర్మ్ మూడో ఏడాదిలోకి పాకుతుంది.

ఇవన్నీ సమాచార బులెటిన్‌లోనే ఉంటాయి. అది చదివే ఓపిక లేనివాళ్లు జాతకం పట్టుకుని వెళ్లి "ఈ ఏడాది గురుబలం ఉందా" అని అడిగి వస్తారు. గురుబలం ఉన్నా మూడోసారి అడ్వాన్స్‌డ్ హాల్ టికెట్ రాదు.

మరి చేరిపోయి, లోపల ఉంటూనే రాస్తే? రాయొచ్చు. అయితే చేరే రోజు జరిగేది చూడండి. ఆఫీసు కౌంటర్లో టీసీ, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒరిజినల్స్ తీసుకుని, ఒక కవర్లో పెట్టి, పైన నంబరేసి బీరువాలో పెడతారు. మరుసటి జూన్‌లో సీటొచ్చి మీరు వెళ్తే "నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి" అనే కాలేజీలు లేకపోలేదు. ఒరిజినల్స్ అట్టే పెట్టుకోకూడదని ఏఐసీటీఈ నిబంధన ఉంది. గుమస్తాకు ఆ కాగితం ప్రింటు తీసి చూపించాల్సింది మీరే. చేరే రోజే రసీదు రాయించుకోండి.

గ్యాప్ వస్తే ఉద్యోగం రాదన్న భయం అతిగా ఊదినదే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావాటి హద్దు ఒకటి రెండేళ్లు. ఒక్క ఏడాది దాటనివాడు ఆ హద్దులోనే ఉంటాడు. అడ్మిషన్లో అడిగితే కోర్టు బయట నోటరీ దగ్గర స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ చేయిస్తే సరి.

లాంగ్ టర్మ్ ఎవరికి? నా గీటురాయి మొరటుగా ఉంటుంది. ర్యాంకు ఎందుకు తగ్గిందో పిల్లాడే ఒక్క మాటలో చెప్పగలగాలి. "ఆర్గానిక్ కెమిస్ట్రీ సగం చదవలేదు" అంటే ఏడాది ఇవ్వండి. "పేపర్ టఫ్ వచ్చింది అంకుల్" అంటే వద్దు, అది అందరికీ టఫ్‌గానే వచ్చింది. సిలబస్ నాలుగుసార్లు తిప్పేసి, అన్ని గ్రాండ్ టెస్టులూ రాసి అక్కడే ఆగినవాడు ఐదోసారి తిప్పితే పెరిగేది మార్కులు కాదు, చిరాకు.

అలాంటివాడు హాయిగా బీటెక్‌లో చేరడమే మేలు. మూడో ఏడాది నుంచే గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎన్నిసార్లు రాశావని ఎవరూ అడగరు. ఐఐటీలో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. లాంగ్ టర్మ్ హాస్టల్‌కు మనం ఎదురు కట్టేది ఎంతో మీకు తెలుసు.