పాత మిద్దె: కూల్చుటయా, బాగుచేయుటయా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో మేము పైరులు చూడబోయినపుడు రైతుసోదరులు మమ్మింటికి పిలుచుకొనిపోయి, "అయ్యా, మిద్దె కురియుచున్నది, గోడ రాలుచున్నది. పడగొట్టి కాంక్రీటు వేయింతుమా, దీనినే నిలుపుకొందుమా?" యని యడుగుట పరిపాటి. ఇది సేద్యమునకు సంబంధింపని ప్రశ్న కాదు. టొమాటోకు మంచి ధర వచ్చిన యేట ఇల్లు పడగొట్టి, మరుసటి యేట ధర పడిపోగా గోడలను మోకాలెత్తున నిలిపివేసి, విత్తనములకు అప్పుచేసిన కుటుంబములను మేమెఱుంగుదుము.

మా యభిప్రాయమిది: ఇంటి లోపములలో పెక్కింటికి మూలము నీరు. అది యెచటనుండి వచ్చుచున్నదో తెలియకముందు గునపము పట్టరాదు, అప్పుపత్రము వ్రాయరాదు.

వాన వెలిసిన మరునాడు గోడను పరీక్షింపుడు. తడి పైనుండి చారలుగా దిగినచో దోషము కప్పుది. నేలనుండి మోకాలెత్తువఱకు చెమ్మ యెక్కి తెల్లని యుప్పు పూచినచో దోషము గోడమొదటిది. ఒక్కచోటనే మచ్చగా నున్నచో దాని వెనుక స్నానపుదొడ్డియో, పసులకొట్టమో యుండును.

ముందు కప్పు సంగతి. మన పెద్దలు మిద్దెపై చౌడుమన్ను పఱచుటలో తెలివి యున్నది. అందలి సోడియము బంకమట్టి రేణువులను విడదీసి సందులను పూడ్చును, నీరు దిగదు. పొలమునకు శత్రువైనది కప్పునకు మిత్రమైనది. కాని కురిసినపుడెల్ల పాతమన్ను తీయక కొత్తది పోయుచుండుటచే బరువు పెరుగును. అడుగు మందపు మన్ను చదరపు మీటరునకు సుమారు 480 కిలోలు తూగును. నాలుగంగుళముల కాంక్రీటు కప్పు సుమారు 250 కిలోలే. తడిసిన మన్ను ఇంకను బరువు. కావున పాతమన్ను దింపి, దూలములను దంతెలను దబ్బనముతో పొడిచి చూడుడు. మొన సులభముగా దిగినచో కొయ్య చెడినది, మార్పవలయును. గట్టిగానున్నచో వాలు సరిచేసి, మన్ను మరల పలుచగా పఱచి దిమ్మిసతో కొట్టిన చాలును.

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుగల మిద్దెపై అంగుళము వాన కురిసిన సుమారు 1,400 లీటర్ల నీరగును. అది గోడమొదట పడరాదు. తూములను పొడిగించి, చుట్టును నేలను వెలుపలికి వాలుగా చేయవలయును. కుప్పమువైపు రాయికి కొఱతలేదు. గోడమొదట రాతిబండలు పఱచుట మేలు.

కప్పునకు మిత్రమైన చౌడుమన్ను గోడకు పనికిరాదు. అందలి యుప్పు చెమ్మలో కరగి, ఎండినపుడు గడ్డకట్టి, గోడను పెచ్చులుగా రాల్చును. మట్టిగోడకు సిమెంటు పూయుటయు మంచిదికాదు. మట్టి తడికి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును, సిమెంటట్లు కదలదు. బీటలలో చొచ్చిన నీరు వెలుపలికి రాలేక లోపలనే నిలిచి గోడను మెత్తపఱచును. మట్టిగోడకు మట్టిపూతయో సున్నపుపూతయో తగును.

పుంగనూరు ఆవు పొట్టిదైనను దాని మూత్రము గోడకు చేయు కీడు తక్కువకాదు. కొట్టమును ఇంటిగోడకు ఎడముగా కట్టి, కాలువ తీసి ఎరువుగుంటకు మళ్లించినచో గోడ నిలుచును, పైరునకు నత్రజని దక్కును.

కురియునను భయముచే గవాక్షమును మూసివేయుట మఱియొక పొరపాటు. క్షయకు తగిన మందులులేని దినములలో, 1912లో, మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయచికిత్సాలయము వెలసినది. నాటి చికిత్సలో మంచిగాలి, వెలుతురు ముఖ్యములు. వంటింటి పొగకు దారి మూయక, గవాక్షము చుట్టును గట్టు లేపి పైన గొడుగువంటి మూత పెట్టింపుడు.

గోడ ఒరిగినను, బీట పైనుండి క్రిందివఱకు పాఱినను, దూలములు పెక్కు చెడినను కొత్తయిల్లు కట్టుటయే యుక్తము. అట్టిచో పాత మట్టిగోడలపై కాంక్రీటు మోపక, ఇంజనీరునకు చూపి పునాదినుండి కట్టుడు. తక్కిన యిండ్లకు వరుస యిది: మొదట కప్పు, పిదప గోడమొదలు, ఆ పిదప పూత, కట్టకడపట రంగు.

ఈ పనులు వేసవిలో ముగియవలయును. మన సీమకు అక్టోబరు, నవంబరు నెలల వాన గట్టిది. అది వచ్చి గోడను పరీక్షించుటకు ముందే మీరు పరీక్షింపుడు.