సబ్ సెంటర్‌కి వచ్చిన కొత్త నర్సుకి మెంటర్ ఎందుకు కావాలి? (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

నర్సింగ్ పాసయ్యాక ఒక ఊరి సబ్ సెంటర్లో పోస్టింగ్ వచ్చిందనుకోండి. చదువు అయిపోయింది కదా, ఇంకా నేర్పేదేముంది? ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక సబ్ సెంటర్లని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలైంది. ఇప్పుడు వాటి పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. అక్కడ పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో చాలామంది నర్సింగ్ చదివినవాళ్లే. మన ఆంధ్రలో ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. లెక్క ప్రకారం ఒక సబ్ సెంటర్‌కి మైదాన ప్రాంతంలో 5,000 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మంది జనాభా. గర్భిణుల చెకప్, 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ పరీక్షలు... పని చాలానే ఉంటుంది.

పెద్దాసుపత్రి వార్డులో డౌట్ వస్తే పక్కనే సీనియర్ సిస్టర్ ఉంటారు. ఇక్కడ అలా కాదు.

ఒక ఉదాహరణ చూడండి. ఎనిమిదో నెల గర్భిణి తలనొప్పి అంటూ వచ్చింది. బీపీ 150/100 ఉంది. అత్తగారేమో, "ఎండలో నడిచొచ్చింది కదమ్మా, పడుకుంటే తగ్గుద్దిలే, రేపు చూద్దాం" అంటోంది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ బీపీ చూడాలి, యూరిన్‌లో ప్రోటీన్ చూడాలి, ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీ డాక్టర్‌కి ఫోన్ చేసి పంపించాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. కానీ అత్తగారిని ఒప్పించడం ఏ పరీక్షలోనూ రాదు! అది పక్కన ఉండి చూస్తేనే వస్తుంది. ఆ రోజు తడబడితే తల్లీబిడ్డ ఇద్దరికీ ప్రమాదం.

ఇది కొత్త విషయం కాదు. చదివినదానికీ, డ్యూటీలో ఎదురయ్యేదానికీ ఉన్న తేడా చూసి కొత్త నర్సులు షాక్ అవుతారని అమెరికాలో మార్లీన్ క్రేమర్ 1974లోనే పుస్తకం రాశారు. నర్సు ఎదిగే దశలు ఐదని 1984లో ప్యాట్రిషియా బెన్నర్ చెప్పారు. ఒకే రకం పనిలో రెండు మూడేళ్లు ఉంటే మూడో దశకి చేరతారట. అంటే పాసైన రోజే అన్నీ వచ్చేయవు.

మరి మెంటరింగ్ ఎలా ఉండాలి? "ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యమ్మా" అంటే సరిపోదు. ఒక పద్ధతి కావాలి.

ఒకటి, మొదట్లో మెంటర్ చేస్తుంటే కొత్త నర్సు చూడాలి. తర్వాత ఆమె చేస్తుంటే మెంటర్ చూడాలి. ఆ తర్వాతే ఒంటరిగా.

రెండు, వారానికి ఒక గంట ఫిక్స్ చేసుకోవాలి. ఆ వారం కష్టమనిపించిన కేసు గురించి కూర్చుని మాట్లాడుకోవాలి.

మూడు, ఇది చాలా ముఖ్యం. మెంటర్ వేరు, తనిఖీకి వచ్చే అధికారి వేరు. రిజిస్టర్ చూసి మార్కులు వేసే మేడమ్‌ని "నాకిది రాదండీ" అని ఎవరు అడుగుతారు చెప్పండి? భయం ఉంటే డౌట్ దాచుకుంటారు. దాచిన డౌటే పేషెంట్‌కి ముప్పు.

ఇంకోటి, మెంటర్‌కి కూడా డ్యూటీలోనే టైమ్ ఇవ్వాలి. సొంత పనంతా అయ్యాక నేర్పమంటే నాలుగు రోజుల్లో ఆగిపోతుంది.

మీలో ఎవరైనా కొత్తగా చేరుతుంటే మొదటి రోజే అడగండి: నా మెంటర్ ఎవరు? ఏ రోజు కలుస్తాం? ఎమర్జెన్సీలో ముందు ఎవరికి ఫోన్ చేయాలి? అడగడం చిన్నతనం కాదు ఫ్రెండ్స్, అది కూడా డ్యూటీలో భాగమే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!