పగడపుదిబ్బలకు పడవ ప్రయాణము

ఆస్ట్రేలియా ఈశాన్యతీరమున గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపుదిబ్బల వరుస సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. కెయిర్న్స్ రేవునుండి గ్రీన్ ఐలండ్ అను పగడపుదీవికి పడవలో సుమారు 45 నిమిషముల ప్రయాణము. కుటుంబములవారు పిల్లలతో అచ్చటికేగి, కన్నులకు అద్దమును, నోట ఊపిరిగొట్టమును ధరించి, నీటిపై బోరగిలి తేలుచు క్రింది వింతలను గాంతురు. పిల్లలు తేలుడుచొక్కా తొడిగికొని పెద్దల చేయి విడువరాదు.

రాయివలె గన్పట్టు పగడము సున్నపుగూళ్లు కట్టుకొని జీవించు చిన్నజంతువుల సమూహము. వాని దేహములందలి సూక్ష్మమైన నాచు సూర్యరశ్మిచే ఆహారము సిద్ధపరచి వానికిచ్చును. నీరు మిక్కిలి వేడెక్కినచో నాచు వెడలిపోయి పగడము తెల్లబారును. వేడిమి తగ్గనిచో చచ్చును. 2016, 2024 సంవత్సరములలో అచ్చట నట్లు విస్తారముగ జరిగెను. కాలు మోపినను పగడము విరుగును. మరల పెరుగుటకు ఏండ్లు పట్టును. కావున బాలబాలికలారా, దైవసృష్టిని కన్నులార చూడుడు, తాకకుడు.