సామూహిక లేఖలను గుర్తించు విధము

తపాలా జవాను ఇచ్చిన ఉత్తరము చేతబట్టగానే అది బంధువులు వ్రాసినదో, బజారు ప్రకటనయో మనకు తెలిసిపోవును. కవరుపైని దస్తూరియే ఆ సంగతి చెప్పును. ఈ-మెయిలునందు ఈ సౌకర్యము లేదు. అన్నియు ఒకే అచ్చులో, ఒకే వరుసలో కనిపించును. అందుచేత కుమారుని ఉద్యోగపు ఉత్తర్వు నూరు ప్రకటనల నడుమ మునిగిపోవుటయు, ఒక్కరికై వ్రాసిన మాట వందలమందికి చేరుటయు సంభవించుచున్నవి.

మెయిలింగ్ లిస్టు అనగా సభ్యుల చిరునామాల పట్టిక. లిస్టు చిరునామాకు ఒక లేఖ వచ్చినచో, దానిని నడుపు ప్రోగ్రాము సభ్యులందరికిని ప్రతులు పంపును. 1986లో పారిస్ నగరమున ఎరిక్ థామస్ రచించిన లిస్ట్‌సర్వ్ ఇట్టి ప్రోగ్రాములలో పేరుగాంచినది.

మరి ఇట్టి లేఖను గుర్తించుటెట్లు? పంపినవారి పేరు చూచిన చాలదు. లిస్టులో వ్రాయు సభ్యులు అనేకులు. విషయపు పంక్తియు నమ్మదగినది కాదు; దానిని ఎవరైనను మార్చవచ్చును. అయితే ప్రతి ఈ-మెయిలుకును సాధారణముగా తెరపై కనిపించని శీర్షభాగమొకటి కలదు. అందు లిస్టులో చేరుటకు, విడుచుటకు, సహాయము కోరుటకు వలసిన పంక్తులను 1998లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2369 అను పత్రము నిర్దేశించినది. 2001 నాటి 2919వ పత్రము లిస్ట్-ఐడి అను పంక్తిని చేర్చినది. ఇది లిస్టుకు ఇంటిపేరు వంటిది. వ్రాసినవారు ఎవరైనను, విషయమేదైనను ఇది మారదు. జీమెయిలులో లేఖ ప్రక్కనున్న మూడు చుక్కలను నొక్కి మూలరూపమును తెరచినచో ఈ పంక్తులు కానవచ్చును.

ఇక చేయవలసిన పనులు. లిస్ట్-ఐడిని ఆధారముగా గొని ఫిల్టరు నేర్పరచి, ఆ లేఖలు వేరొక అరలో పడునట్లు చేయవలెను. అప్పుడు స్వంత ఉత్తరములు మరుగుపడవు. కాని ఆ అరను మరువరాదు. పాఠశాలల ప్రకటనలును కొన్ని లిస్టుల ద్వారా వచ్చుచుండును. వారమునకొకసారియైన చూడవలెను.

ప్రత్యుత్తరమిచ్చునపుడు మరింత మెలకువ వలయును. కొన్ని లిస్టులలో జవాబు పంపినవారికి గాక సభ్యులందరికి పోవును. కావున పంపుటకు ముందు చిరునామాను చదువుట మంచిది. సెలవులో ఉన్నామని తనంతట జవాబిచ్చు ఏర్పాటు లిస్టులేఖకు బదులు పలికినచో, ఆ బదులు మరల అందరికిని చేరి, దానికి మరియొక యంత్రము బదులిచ్చి, అంతులేని వరుస ఏర్పడవచ్చును. చక్కని ప్రోగ్రాములు పై పంక్తులను చూచి మిన్నకుండును.

తాము కోరి చేరిన లిస్టు అక్కరలేనిచో దానిని విడుచుటయే పద్ధతి. స్పామని ముద్ర వేసినచో ఇతర సభ్యుల లేఖలును అడ్డుపడవచ్చును. 2017 నాటి 8058వ పత్రము ఒక్క నొక్కుతో విడుచు మార్గము చూపినది. జీమెయిలు చిరునామాలకు రోజునకు 5000కు మించి పంపువారి ప్రచార లేఖలకు దీనిని గూగుల్ 2024లో విధించినది. అయితే శీర్షభాగమును మోసగాండ్రును కల్పింపగలరు. ఎన్నడును కోరని, ఎవరిదో తెలియని లేఖలోని లింకును నొక్కక, దానిని స్పామని గుర్తించుటయే క్షేమము.

ఈ కొద్దిపాటి జాగ్రత్తతో, మన పేరిట వచ్చిన ఒక్క ఉత్తరము వేయింటి నడుమ నున్నను కంటబడకపోదు.